అప్‌డేట్: చేతి పరికరం తెరమీద వత్తులు కుదిరాయి

అడిగింది ఇదీ: ఒడిశాలోని రాయగడ వైపు వారపు సంతల్లో తూకం చీటీల కోసం రాస్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద బిల్డ్‌రూట్‌తో (చిన్న లినక్స్ సిస్టమ్‌లను కట్టే సాధనం) కట్టిన పరికరంలో "చిక్కుడు" కాస్తా "చిక్‌కుడు" అవుతోంది, ఒడియాదీ అదే గతి. ఫాంటు మార్చమన్నారు. తప్పు ఫాంటుది కాదు.

తెరమీద అక్షరాలు గీసే ఎస్‌డీఎల్2 టీటీఎఫ్ లైబ్రరీ, హార్ఫ్‌బజ్ అనే మరో లైబ్రరీ లేకుండా కంపైల్ అయింది. గుణింతాన్నీ వత్తునూ కలిపి పేర్చే పని హార్ఫ్‌బజ్‌ది. బిల్డ్‌రూట్ ఆప్షన్ల మెనూ అయిన మెనూకాన్ఫిగ్‌లో దాన్ని ఎంచుకుని, ఊరికే మేక్ (కట్టే ఆదేశం) కొడితే ఏమీ మారదు. బోర్లా పడేది ఇక్కడే. ఒకసారి కట్టిన ప్యాకేజీని, ఆప్షన్ మారినా సరే, బిల్డ్‌రూట్ తనంతట మళ్లీ కట్టదు. ముందు ఆ టీటీఎఫ్ ప్యాకేజీకి డర్‌క్లీన్ టార్గెట్ (పాత బిల్డ్‌ను చెరిపేసేది) నడపాలి, తర్వాత మేక్. ప్రోగ్రాంలో ఒక్కో ఫాంటుకు దాని లిపి పేరు కూడా చెప్పడం మంచిది. గూగుల్ నోటో తెలుగు, ఒడియా ఫాంట్లు వేర్వేరు ఫైళ్లు కనుక రెండు భాషలున్న వరుసను రెండు ముక్కలుగా గీసి పక్కపక్కన అతికించాలి. కొంచెం మోటు పద్ధతే, కానీ పనిచేస్తుంది.

రెండోది, బ్యాటరీ అయిపోయినప్పుడల్లా మెమరీ కార్డు పాడవడం. సిస్టమ్ ఫైళ్లుండే రూట్ ఇప్పుడు స్క్వాష్‌ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్, చదవడానికి మాత్రమే. చీటీలకు విడిగా, రాయడానికి వీలైన చిన్న ఈఎక్స్‌టీ4 పార్టిషన్. ప్రతి చీటీ రాశాక ఎఫ్‌సింక్, అంటే అది వెంటనే కార్డులోకి ఎక్కేలా. రాస్‌బెర్రీ పై బోర్డుకు లిథియం సెల్‌లో ఎంత మిగిలిందో తెలిసే దారి లేదు. అందుకే ఐ2సీ (చిప్‌లను కలిపే రెండు తీగల లైను) మీద బ్యాటరీ శాతం చెప్పే మాక్స్17048 చిప్ పెట్టాను, చిరునామా 0x36. కెర్నెల్‌లో మాక్స్17040 డ్రైవరే దీనికీ సరిపోతుంది. 10 శాతానికి దిగగానే పవర్‌ఆఫ్.