ఈ వారం సమస్య: ‘గాలి సోకి యినుప కాళ్ళు విరిగె’

నిర్వాహకుడు: ఆటవెలది చివరి పాదం ఇచ్చాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి. వస్తువు పెన్సిల్వేనియాలో కింజువా వాగు మీది రైలు వంతెన. 1882లో 94 రోజుల్లో కట్టేశారు. 301 అడుగుల ఎత్తు, అప్పటికి ప్రపంచంలో అంత ఎత్తైన రైలు వంతెన మరోటి లేదు. బరువైన రైళ్ళ కోసం 1900లో ఉక్కుతో మళ్ళీ కట్టారు. 2003 జులై 21న సుడిగాలికి 20 టవర్లలో 11 పడిపోయాయి. పాదం తేలిగ్గా ఉంది కదా అని గబగబా రాసేయకండి.

బొగ్గింజన్:
కొండకోన నడుమ కట్టిన వంతెన
రైలు బరువు మోసి రాటుదేలె
నిన్నదాక నిలిచి నేడేల కూలెరా
గాలి సోకి యినుప కాళ్ళు విరిగె

లోయవాసి: ‘రాటుదేలె’ భలే పడింది, రై–రా యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడాల్సిన జోడీ అక్షరం) కూడా కుదిరింది. మొదటి పాదంలోనే దెబ్బతిన్నారు. ‘కొ’కి ‘క’ చెల్లదండీ. ‘నడుమ నుండిన వంతెన’ అంటే కొండ–నుండి ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం) అవుతుంది. నా అసలు పేచీ మూడో పాదంతో. ‘ఏల’ అని అడిగి వదిలేస్తే పూరణ ఎలా అవుతుంది? పైగా ‘నిన్నదాక’ ఏమిటి, విహారపు రైలును 2002లోనే ఆపేశారు. కూలేనాటికి మరమ్మతులు నడుస్తున్నాయి.

బొగ్గింజన్: యతి నిద్రమత్తులో పోయిందండీ. మీ పూరణ కానివ్వండి మరి!

లోయవాసి:
పాత బోల్టు తుప్పు పట్టెను లోలోన
కొత్త యుక్కు పైన కులుకుచుండ
నూరు వత్సరాలు నోరెత్తకోర్చెను
గాలి సోకి యినుప కాళ్ళు విరిగె

1900లో పైనంతా మార్చారు గానీ, టవర్లను పునాదికి పట్టి ఉంచే 1882 నాటి బోల్టులు కొన్నిటిని అలాగే ఉంచి, వాటికే కొత్త ముక్కలు అతికించారు. మిగిలిన భాగాన్ని 2011లో నడక వంతెన చేశారు, వెళ్ళి చూశాను. చివర నేలకి గాజు పలకలు వేశారు. వాటి మీద నిలబడి తొంగి చూస్తే, పడిన టవర్లు పడినట్టే లోయలో ఒరిగి ఉన్నాయి. నాకైతే అరికాళ్ళు జిల్లుమన్నాయి.

నిర్వాహకుడు: ‘నోరెత్తకోర్చెను’ దగ్గర ఆగిపోయాను. ‘వత్సరాలు’ వ్యావహారికం, ఛాందసులు ఊరుకోరు, నేను ఊరుకుంటాను. లెక్క మాత్రం తగ్గించారు, ఆ బోల్టు ఓర్చింది 121 ఏళ్ళు.

బొగ్గింజన్: నాదో సందేహం. కూలినవి ఉక్కు టవర్లు కదా, ‘ఇనుప కాళ్ళు’ అని మీరెలా ఇచ్చారు?

నిర్వాహకుడు: తొందరలో ఇచ్చేశాను. బోల్టు పాతకాలపు ఇనుము కాబట్టి లోయవాసి గారి పద్యంలో నా పరువు దక్కింది.