రెక్కల్లేని ఫ్యాను: 15 రెట్ల గాలి నిజమా, ప్రచారమా?

సందేహి:
రెక్కల్లేని ఫ్యాను కొనాలా వద్దా అని మా ఇంట్లో వాదన నడుస్తోంది. 2009లో డైసన్ సంస్థ మొదటి నమూనాను మార్కెట్లోకి తెచ్చినప్పటి నుంచి ఒకటే మాట వింటున్నాను: లోపలికి పీల్చిన గాలిని 15 రెట్లు చేసి బయటికి పంపుతుందని. గాలి ఎక్కడి నుంచో ఊడిపడదు కదా! ఒకవేళ అంత గాలి నిజంగానే కదిలితే దానికి శక్తి ఎవరిస్తున్నారు? తెలిసినవారు చెప్పండి.

మూడోరెక్క:
ముందు ఆ ‘రెక్కల్లేని’ అన్న ముక్క కొట్టేయండి. కింది పీఠంలో మోటారు, దాని మీద ఇంపెల్లర్ (గాలిని లోపలికి లాగే చిన్న రెక్కల చక్రం) తిరుగుతూనే ఉంటాయి. కనబడకుండా దాచారు, అంతే. ఆలోచన కూడా కొత్తదేమీ కాదు. తోషిబా సంస్థ 1981లోనే జపాన్‌లో ఇలాంటి దానికి పేటెంటు తీసుకుని, తయారు చేయకుండా వదిలేసింది.

వలయం:
దాచడం నేరమా? ఇంట్లో పాకే పిల్లలున్నవారిని అడగండి, ఆ దాచడం విలువ చెబుతారు.

సందేహి గారూ, పని జరిగే తీరు ఇది. ఇంపెల్లర్ పీల్చిన గాలి పైనున్న బోలు వలయంలోకి వెళుతుంది. వలయం లోపలి అంచున, వెనకవైపు, చుట్టూరా ఒక సన్నని చీలిక ఉంటుంది. మొదటి నమూనాలో దాని వెడల్పు 1.3 మిల్లీమీటర్లు. అంత ఇరుకులోంచి రావాలి కాబట్టి గాలి చాలా వేగంగా బయటికి దూకుతుంది. దూకాక నేరుగా పోదు. విమానం రెక్కలా వంపు తిరిగిన లోపలి గోడను అంటిపెట్టుకుని ముందుకు జారుతుంది. దీన్నే కోఆండా ప్రభావం అంటారు, రుమేనియా ఇంజనీరు హెన్రీ కోఆండా పేరు మీద. వేగంగా పోయే గాలిలో పీడనం తక్కువ, అది బెర్నౌలీ సూత్రం. అందుకే వలయం వెనక ఉన్న గది గాలి మధ్యలోంచి లాగబడుతుంది, ముందున్న అంచుల చుట్టూ ఉన్న గాలి కూడా కలుస్తుంది. ఆ 15 రెట్లలో 14 వంతులు గది గాలే. ఇందులో మోసం ఏముంది?

గాలిలెక్క:
మోసం లేదు, కానీ బెర్నౌలీని ఇక్కడికి ఈడ్చుకురావడం మాత్రం అన్యాయం. ఆ సూత్రంతో పోల్చాలంటే రెండు చోట్లా గాలికి మొత్తం శక్తి ఒకే స్థాయిలో ఉండాలి. చీలికలోంచి వచ్చే గాలికి మోటారు శక్తినిచ్చింది. గది గాలికి ఎవరూ ఇవ్వలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘ఇది వేగంగా పోతోంది కాబట్టి పీడనం తక్కువ’ అనడం కుదరదు. బహిరంగంలోకి వచ్చిన గాలిధారలో పీడనం ఇంచుమించు గదిలో ఉన్నంతే. గది గాలిని లాగేది ధార అంచున పుట్టే సుడులు. అవి నిశ్చలంగా ఉన్న గాలిని తమలోకి చుట్టుకుని, తమ వేగంలో కొంత దానికి పంచుతాయి. గ్యాస్ పొయ్యి బర్నర్‌లో సన్నని రంధ్రం నుంచి దూకే గ్యాసు మంటకు కావలసిన గాలిని తనతో ఈడ్చుకుపోవడం కూడా ఇదే పద్ధతి.

ఇక 15 రెట్ల సంగతి. మొదటి నమూనా సెకనుకు దాదాపు 20 లీటర్ల గాలి పీలుస్తుందని ప్రచారంలో ఉన్న అంకె. వలయం వ్యాసం 25 సెంటీమీటర్లు, అంటే చీలిక చుట్టుకొలత సుమారు 80 సెంటీమీటర్లు. దాన్ని 1.3 మిల్లీమీటర్లతో గుణిస్తే చీలిక వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. అంత సందులోంచి సెకనుకు 20 లీటర్లు పోవాలంటే వేగం సెకనుకు 19 మీటర్లు, గంటకు 70 కిలోమీటర్లు. ఇది 15 రెట్ల గాలితో కలిసిపోతే ఏమవుతుంది? బయటి బలం ఏదీ లేదు కాబట్టి మొత్తం ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది, మారదు. ద్రవ్యరాశి 15 రెట్లు పెరిగితే సగటు వేగం 15వ వంతుకు దిగుతుంది. సెకనుకు 1.3 మీటర్లు. చల్లటి పిల్లగాలి.

గతిశక్తి అలా కాదు. చీలిక దగ్గర ధారలో సెకనుకు 4.4 జౌళ్లు ఉంటే, కలిసిన తర్వాత మిగిలేది 0.3. మిగతాదంతా సుడుల్లో అరిగి వేడిగా మారిపోయింది. ‘శక్తి ఎవరిస్తున్నారు’ అన్నారు కదా సందేహి గారూ, ఎవరూ ఇవ్వడం లేదు, ఉన్నదే పోతోంది. 20కి 15 రెట్లు, అంటే సెకనుకు 300 లీటర్ల గాలిని అదే నెమ్మది వేగంతో తోయడానికి పెద్ద రెక్కలున్న ఫ్యానుకు సూత్రప్రాయంగా ఆ 0.3 చాలు. ఎక్కువ గాలిని నెమ్మదిగా తోయడం ఎప్పుడూ చవక, కొద్ది గాలిని విసిరికొట్టడం ఖర్చు. హెలికాప్టర్‌కు అంత పొడవు రెక్కలు పెట్టేది ఇందుకే.

ఇంకొకటి చెబితే వలయం గారికి కోపం వస్తుందేమో. రికూ, స్పాల్డింగ్ అనే ఇద్దరు 1961లో గుండ్రని ధార ఎంత గాలిని కలుపుకుంటుందో కొలిచారు. దూరాన్ని రంధ్రం వ్యాసంతో భాగించి 0.32తో గుణిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. ఆ చీలిక వైశాల్యమే ఉన్న మామూలు గొట్టం తీసుకోండి. దాని వ్యాసం 3.6 సెంటీమీటర్లు. 1.7 మీటర్ల దూరంలో అది కూడా 15 రెట్లు చేస్తుంది. వలయం లేదు, కోఆండా లేదు, వట్టి గొట్టం!

మూడోరెక్క:
చప్పట్లు. ఇంత ధర పెట్టి గొట్టం కొనమంటున్నారన్నమాట.

వలయం:
కోపం రాలేదు గానీ మీ లెక్కలో ఒక లొసుగు ఉంది. ‘బయటి బలం ఏదీ లేదు’ అన్నారు. వట్టి గొట్టం విషయంలో నిజమే. వలయం ఉన్నప్పుడు వెనక గాలి దాని గుండ్రని అంచు చుట్టూ తిరిగి లోపలికి వస్తుంది. ఈ గాలి నిశ్చలంగా బయలుదేరింది, మోటారు దాన్ని ముట్టుకోలేదు, కాబట్టి దీనికి బెర్నౌలీ నిక్షేపంగా వర్తిస్తుంది. వేగం పుంజుకున్న చోట పీడనం పడిపోతుంది, ఆ చూషణం (పీల్పు) అంచును వెనక్కి లాగుతుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం వలయం గాలిని అంతే బలంతో ముందుకు నెడుతుంది. అదనపు ద్రవ్యవేగం అక్కడి నుంచి వస్తుంది. ఎజెక్టర్ (వేగమైన ధారతో చుట్టుపక్కల గాలిని లాగే సాధనం) చుట్టూ తొడుగు పెడితే నెట్టుబలం పెరుగుతుందని వాయుగతి శాస్త్రవేత్త ఫాన్ కార్మాన్ 1949లోనే విశ్లేషించారు. పైగా మీ గొట్టం 1.7 మీటర్ల దగ్గర చేసే పనిలో చాలా భాగాన్ని వలయం తన నోటి దగ్గరే మొదలుపెడుతుంది. బల్ల మీద పెట్టుకునేవారికి అది తేడా కాదా?

గాలిలెక్క:
తేడాయే. అయితే కార్మాన్ తొడుగు పొడవైనది, గాలి లోపలే పూర్తిగా కలిసేంత పొడవు. మీ వలయం లోతు జానెడు కూడా లేదు. చూషణం వల్ల లాభం కొంత ఉండొచ్చు, గోడకు రాసుకోవడం వల్ల నష్టం కొంత ఉంటుంది. ఏది గెలుస్తుందో కాగితం మీద తేలదు.

పాతమోటారు:
మీరు లెక్కలు తేల్చుకునే లోపు రెండు మాటలు. ఇలాంటివి బాగుచేస్తుంటాను. పైవలయం తుడిస్తే శుభ్రం, అది నిజం. దుమ్ము మాత్రం పీఠం లోపల ఇంపెల్లర్‌కు పడుతుంది, విప్పడం అందరి వల్లా కాదు. మామూలు ఫ్యాను జాలీ ఎవరైనా విప్పుతారు. రెండోది చప్పుడు. చిన్న ఇంపెల్లర్ అంత గాలి తోయాలంటే బాగా వేగంగా తిరగాలి, అందుకే సన్నని కూత. 2014 నమూనాల్లో పీఠంలో ఒక బోలు గది పెట్టి, దాన్ని ఆ కూత పౌనఃపున్యానికే (సెకనుకు కంపనాల సంఖ్యకే) సరిపోయేలా చేసి కూతను అణిచారు. బాగా తగ్గింది. పేరులేని చౌకరకాల్లో ఆ గది కూడా ఉండదు, చీలిక కూడా ఒకచోట వెడల్పు, ఒకచోట ఇరుకు.

సందేహి:
ఇంకో ప్రశ్న. రెక్కలు గాలిని ముక్కలు చేస్తాయని, ఇందులో గాలి ఒకే ధారగా వస్తుందని అంటారు. ఒంటికి తేడా తెలుస్తుందా?

గాలిలెక్క:
మూడు రెక్కలు నిమిషానికి 1,200 సార్లు తిరిగితే సెకనుకు 60 దెబ్బలు. చర్మం అంత వేగాన్ని విడిగా పట్టుకోలేదు. మనకు తెలిసేది నెమ్మదైన ఒడుదొడుకులు. గాలిలో అలజడి ఎక్కువైతే అదే వేగం దగ్గర ఇంకా చల్లగా అనిపిస్తుందని, గదుల్లో మనిషి సౌకర్యాన్ని పరిశోధించిన ఫాంగర్ బృందం 1988లో చూపింది. ఎయిర్ కండిషనర్ గదిలో కూర్చున్నవారికి అది ఇబ్బంది. ఉక్కపోతలో ఉన్నవారికి వరం. కాబట్టి ‘నున్నటి గాలి’ అన్నది అందరికీ లాభమేమీ కాదు.

ఇంకా ఏ ఫ్యానైనా గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది. మోటారు వాడే కరెంటంతా చివరికి గదిలో వేడే. 1.2 మీటర్ల సీలింగ్ ఫ్యాను నిమిషానికి 200 ఘనపు మీటర్లకు పైగా తోస్తుంది. మన వలయం 15 రెట్లు చేశాక కూడా 18. గది మొత్తానికి కావాలంటే పోటీయే లేదు.

వలయం:
సీలింగ్ ఫ్యానుతో బల్ల ఫ్యానును తూచడం ఏం న్యాయం? సమానమైన వాటిని పోల్చండి. వలయం వల్ల నెట్టుబలం పెరుగుతుందా లేదా అన్నదానికి మీ దగ్గర ఇంకా జవాబు లేదు.

గాలిలెక్క:
కొలిచి చూడండి, చేతిలో ఉన్నది మీకే. వెనక్కి పడుకోబెట్టి త్రాసు మీద పెట్టకండి, వెనక నుంచి వచ్చే దారి మూసుకుపోతుంది. మీటరు పొడవు తాళ్లతో నిటారుగా వేలాడదీసి, గాలి ముందుకు వదిలితే ఫ్యాను వెనక్కి జరుగుతుంది. చీలిక ధార ఒక్కటే పనిచేస్తే నెట్టుబలం 0.46 న్యూటన్లు. ఫ్యాను బరువు 2 కిలోలైతే జరిగేది 2.3 సెంటీమీటర్లు. కరెంటు తీగ బిగుతుగా లాగకుండా వదులుగా ఉండాలి. 3 సెంటీమీటర్లు దాటితే వలయం నిజంగా తోడ్పడుతున్నట్టు. 2 దగ్గరే ఆగితే నా గొట్టమే మేలు.

వలయం:
పీల్చే గాలి సెకనుకు సరిగ్గా 20 లీటర్లేనని ముందు తేల్చాలి. అది 23 అయితే వలయం ఏమీ చేయకుండానే మీ 2.3 కాస్తా 3 దాటుతుంది. పీఠానికి సంచి తొడిగి కొలిచే మార్గం చూస్తాను.