వైబ్రేషన్ సెన్సార్లున్నాక గేర్‌బాక్సులో ఏటా బోరోస్కోప్ పెట్టాలా?

గాలిమర_ఉరవకొండ:
మా సైట్‌లో 2 మెగావాట్ల గాలిమర మిషన్లు 18. అన్నిటికీ వైబ్రేషన్ సెన్సార్లున్నాయి, ఆయిల్ శాంపిల్ ఆర్నెల్లకోసారి ల్యాబుకు పోతుంది. అయినా ఓనర్ ప్రతి గేర్‌బాక్సులో ఏటా బోరోస్కోప్ (సన్న వైరు చివర కెమెరా) పెట్టి వీడియో తీయమంటున్నాడు. మిషన్‌కు ఒక పూట ఆపాలి, ఇద్దరు పైకెక్కాలి. ఆషాఢం గాలి మొదలైతే ఎవరూ ఆపనివ్వరు. నిజంగా ఇంత అవసరమా?

గ్రీజు_చేతులు:
అక్కర్లేదప్పా. మూత తీసిన ప్రతిసారీ దుమ్మో గుడ్డపీలికో లోపల పడే ప్రమాదం ఉంది. మా దగ్గర ఏమైందంటే, కెమెరా వైరు గేరు పళ్ల మధ్య ఉండగానే అవతలివాడు గేర్లు తిరగడానికి బ్రేక్ డిస్క్ తిప్పేశాడు. 6 మి.మీ. మూతి నలిగి రెండు ముక్కలైంది. డ్యామేజీ ఉందేమో చూద్దామని పోయి మేమే చేసొచ్చాం. కాంట్రాక్టర్ మనుషులు తేలుకుట్టిన దొంగల్లా కిందికి దిగారు. ఆ ముక్కలు అయస్కాంతంతో ఏరడానికి రెండ్రోజులు.

నాసెల్_కాకి:
అది కెమెరా తప్పా, తిప్పినోడి తప్పా? తిప్పే ముందు వైరు బయటికి లాగాలని మొదటి రోజే చెప్తారు.

సెన్సార్‌ను నమ్మొచ్చు గానీ అన్నిచోట్లా కాదు. జనరేటర్ వైపున్న హై స్పీడ్ షాఫ్ట్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది, అక్కడ చిన్న తేడా వచ్చినా గ్రాఫ్‌లో తెలుస్తుంది. రెక్కలున్న రోటర్ వైపు 15 చుట్లే. అక్కడ నడిమి గేరు చుట్టూ తిరిగే చిన్న గేర్లను ప్లానెట్లంటారు. వాటి బేరింగులేమో తిరిగే క్యారియర్‌లో (వాటిని మోసే చట్రంలో) ఉంటాయి, సెన్సార్ బయట హౌసింగ్ మీద. అక్కడి చప్పుడు సెన్సార్ దాకా వచ్చేసరికి మిగతా మోతలో కలిసిపోతుంది.

పోయినేడాది మాకు ఇంటర్మీడియట్ (మధ్య) షాఫ్ట్ బేరింగ్ ఇన్నర్ రేసు (లోపలి రింగు) మీద షాఫ్ట్ పొడవునా వెంట్రుకంత గీత కనిపించింది. గ్రాఫ్ అప్పటికీ పచ్చగానే ఉంది. బేరింగ్ ఒక్కటే పైనే మార్చాం. అదే పెచ్చులూడి ప్లానెటరీ స్టేజీలో పడుంటే గేర్‌బాక్సే దించాలి. దానికి పెద్ద క్రేన్ కావాలి, అది నల్లరేగడిలో దిగబడకుండా దారి వేయాలి, ఆ చేను రైతుతో మాట్లాడుకోవాలి. ఒక పూట జనరేషన్ పోతే పోయిందిలే అనిపిస్తుంది.

గ్రీజు_చేతులు:
సరే, కానీ ఆ వీడియో చూసి చెప్పేదెవరన్నా? ఒకే ఫోటో చూసి ఒకాయన నూనె మరక అంటాడు, ఇంకొకాయన మైక్రోపిట్టింగ్ (పంటి మీద సన్న గుంటలు) అంటాడు. లెన్స్ మీద ఆయిల్ చుక్క పడితే అన్నీ పగుళ్లే. రిపోర్ట్ ఎంత లావుంటే బిల్లు అంత.

నాసెల్_కాకి:
ఆ మాట ఒప్పుకుంటా. అందుకే మేము పంటికి మార్కర్‌తో గుర్తు పెట్టి, ప్రతిసారీ అక్కణ్నుంచే లెక్కపెడతాం. పాత ఫోటో పక్కన పెట్టుకోకుండా చూస్తే కొత్త ఫోటోతో ఉపయోగం లేదు. ప్లానెట్లు మొత్తం చూడాలంటే రోటర్ ఒక చుట్టు తిరగాలి, అంటే హై స్పీడ్ షాఫ్ట్ మీదున్న బ్రేక్ డిస్క్‌ను చేత్తో వంద చుట్లు తిప్పాలి. చాలామంది పది తిప్పి ‘బాగుంది’ అని రాసేస్తారు. ఓనర్‌కు అది తెలీదు.

గాలిమర_ఉరవకొండ:
వంద చుట్లా! మా రిపోర్టుల్లో ప్లానెట్ ఫోటోలు మిషన్‌కు రెండే ఉన్నాయి, ఇప్పుడే తీసి చూశా. వారంటీ అయిపోతున్నవి 5, ఆయిల్‌లో ఇనుము పెరిగినవి 2. ఈ ఏడుకీ గాలి లేని ఫిబ్రవరిలో సరిగ్గా తీయిస్తా, మిగతా 11 ఏడాది విడిచి ఏడాది. ఓనర్ ఒప్పుకుంటాడో లేదో.

గ్రీజు_చేతులు:
ఏడే అయితే నేనూ అడ్డు చెప్పను. తిప్పేవాణ్ని మాత్రం నువ్వే చూసుకో.