'నిన్ననే పంపాను'లో ఆ 'నే' ఇంగ్లీషులో ఎక్కడికి పోతుంది?

మాదాపూర్‌లో ఉద్యోగం నాది. ఈమధ్య బయటిదేశం క్లయింట్ ఒకాయన మంగళవారం పొద్దున్నే 'ఫైల్ ఏదీ?' అని మెయిల్ పెట్టాడు. నేను సోమవారమే పంపేశాను. కాస్త చిరాకు పుట్టి, టక్కున ఇలా కొట్టాను: 'ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే ఓన్లీ.' నా మనసులో ఉన్నది 'నిన్ననే పంపాను కదయ్యా, చూసుకోవేం' అని. ఆయన తిరుగు జవాబు చదివి బిత్తరపోయాను. 'పోయిన వారమే తయారైందన్నారు, మరి నిన్నటిదాకా ఎందుకు ఆగారు?' అట.

తప్పెక్కడ జరిగిందో నాలుగు రోజులు బుర్ర గోక్కుంటే తేలింది. గ్రూపులో పెడుతున్నాను, పెద్దలు సరిదిద్దండి.

ముందు మన 'నిన్ననే' సంగతి. 'కొత్త ఫోనా?' అంటే 'అవును, నిన్ననే కొన్నాను' అంటాం. ఇక్కడ 'నే' అంటే ఇంకా ఎన్నాళ్లో కాలేదని. 'కరెంటు బిల్లు కట్టావా?' అంటే 'నిన్ననే కట్టాను' అంటాం. ఇక్కడ నువ్వు అడక్కముందే ఆ పని అయిపోయిందని. ఒకటి ఆలస్యం వైపు లాగుతుంది, ఇంకొకటి తొందర వైపు. మాట ఒక్కటే. అడిగిన ప్రశ్నను బట్టి, గొంతును బట్టి మనకి ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి ఇందులో రెండున్నాయని ఎప్పుడూ గమనించం.

ఇంగ్లీషు 'ఓన్లీ యెస్టర్‌డే' మొదటిదానికే సరిపోతుంది. రెండోదానికి పనికిరాదు. నేను మాత్రం రెండింటికీ అదే అతికించాను. నేనొక్కణ్నే కాదు, ఊరంతా అంతే. 'హియర్ ఓన్లీ', 'టుడే ఓన్లీ' వినని రోజుందా హైదరాబాద్‌లో? పాతబస్తీ దక్కనీ ఉర్దూలో 'కలిచ్ దియా నా భాయ్' (నిన్ననే ఇచ్చాను కదా భాయ్) అంటారు చూడండి, ఆ 'ఇచ్' కూడా మన 'ఏ' లాంటిదే, మరాఠీ 'చ'కి చుట్టం. తెలుగువాడికీ దక్కనీ మాట్లాడేవాడికీ మాట చివర ఒక చిన్న ముక్క తగిలించి నొక్కి చెప్పడం అలవాటు. ఆ ముక్కకి ఇంగ్లీషు బట్టలు తొడిగితే 'ఓన్లీ' అయింది.

మరి ఇంగ్లీషువాడు ఆ నొక్కుని ఎక్కడ పెడతాడు? సహాయక క్రియ దగ్గర, అంటే ప్రధాన క్రియకి తోడు వచ్చే హ్యావ్, డిడ్ లాంటి మాటల దగ్గర. నాకు అసలు తమాషా ఇక్కడే కనిపించింది.

ఇంగ్లీషు నేర్పే పుస్తకాలు, నిఘంటువు రాసిన హార్న్‌బీ పేరు పాతకాలం ఇంగ్లీషు మాస్టార్లకి బాగా తెలుసు. ఆయన 1954లో ఇంగ్లీషు వాక్య నమూనాల మీద ఒక పుస్తకం వేశాడు. ఆయన పద్ధతిలో చదువుకున్నవాళ్లు ఈ సహాయక క్రియల రూపాల్నే '24 అనామలస్ ఫైనైట్స్' అని బట్టీ పట్టేవారు: యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, హ్యావ్, హ్యాజ్, హ్యాడ్, డూ, డజ్, డిడ్... ఇలా షల్, విల్, కెన్, మే వాటి జంటలతో సహా మస్ట్, ఆట్, నీడ్, డేర్, యూజ్డ్ వరకూ. వీటికి మిగతా క్రియలకి లేని హక్కులున్నాయి. 'నాట్' నేరుగా వీటికే తగులుకుంటుంది. ప్రశ్న వేస్తే కర్తని దాటి ముందుకి గెంతేవి ఇవే. (1958లో ఇంగ్లీషు బోధన కోసమే మన ఊళ్లో ఒక కేంద్ర సంస్థ పెట్టారు, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నాం. ఉస్మానియాలో చదివిన మూడేళ్లూ ఆ గేటు ముందునుంచే బస్సులో పోయాను, ఒక్కరోజూ లోపలికి తొంగి చూడలేదు. ఇప్పుడు అనుభవిస్తున్నాను.)

నెవర్, ఆల్వేస్, ఆల్రెడీ, ప్రాబబ్లీ లాంటి క్రియావిశేషణాలకి మామూలు చోటు మొదటి సహాయక క్రియ వెనకే. 'ద బిల్ హ్యాజ్ ఆల్రెడీ బీన్ పెయిడ్.' 'షి వుడ్ నెవర్ హ్యావ్ అగ్రీడ్.' సహాయక క్రియలు రెండున్నా మూడున్నా మొదటిదాని పక్కనే చోటు. అసలు లేకపోతే ప్రధాన క్రియకి ముందు: 'హి ఆల్వేస్ కమ్స్ లేట్.' ఒక్క 'బీ' మాత్రం తానే ప్రధాన క్రియ అయినా సహాయక క్రియలాగే నడుస్తుంది: 'హి ఈజ్ ఆల్వేస్ లేట్.'

ఆ చోటు మారితే అర్థమే మారిపోయే సందర్భాలున్నాయి. 'ఐ రియల్లీ డోంట్ నో' అంటే 'నాకు నిజంగా తెలీదు'. 'ఐ డోంట్ రియల్లీ నో' అంటే 'నాకు అంతగా తెలీదు'. మనం 'నిజంగా' తీసి 'అంతగా' పెట్టుకోవాలి, మాటే మార్చాలి. వాళ్లకి అదే మాటని 'డోంట్'కి అటునుంచి ఇటు జరిపితే చాలు. ఇంటర్వ్యూలో ఈ రెండూ తారుమారు చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇక మన వైపు చూస్తే, మన సహాయక క్రియ వాక్యం చివర ప్రధాన క్రియకి అంటుకుపోయి ఉంటుంది. పంపి, వేశాను కలిసి 'పంపేశాను'. ఆ 'వేయు' ఇక్కడ దేన్నీ విసిరేయడం లేదు, పని పూర్తయిందని ముద్ర వేస్తోంది అంతే. ఇంగ్లీషు 'ఆల్రెడీ' చేసే పని సగానికి సగం ఇదే చేస్తుంది. అయినా మా ఆఫీసులో రోజుకి పదిసార్లు వినిపించేది 'ఆల్రెడీ పంపేశాను'. పెరుగన్నంలో మళ్లీ మజ్జిగ పోసుకున్నట్టు. తప్పనను, నేనూ అంటాను.

పోస్టు చదివి కొందరు అడిగినవాటికి జవాబులు ఇక్కడే చేరుస్తున్నాను.

— ఒక టీచరు గారు అడిగారు: 'మా ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల హి ఆల్రెడీ హ్యాజ్ అని జవాబు రాసింది. హ్యాజ్ ఆల్రెడీ అని దిద్దాను. తప్పు దిద్దానా తమ్ముడూ?'

అక్కా, ప్రశ్న 'హ్యాజ్ హి లెఫ్ట్?' లాంటిదైతే, జవాబు అక్కడితో ఆగిపోతే, పిల్లే కరెక్ట్. వెనక ప్రధాన క్రియ లేనప్పుడు నొక్కంతా సహాయక క్రియ మీద పడుతుంది, అప్పుడు క్రియావిశేషణం దానికి ముందుకి జరుగుతుంది: 'యెస్, హి ఆల్రెడీ హ్యాజ్.' పూర్తి వాక్యం రాస్తే మాత్రం మామూలుగా మీరు దిద్దిన వరసే: 'హి హ్యాజ్ ఆల్రెడీ లెఫ్ట్.' ఆ పిల్లకి మార్కు తిరిగి ఇచ్చేయండి, పాపం.

— వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకాయన: 'మేం పంపిన అంటం అన్నా, పంపేశాను అనం. మరి మాకు ఆల్రెడీ కావాలె గదా?'

మంచి మాట. కానీ మీరూ 'అయిపోయింది', 'పంపేసిన' అంటారు కదన్నా. సహాయక క్రియ అక్కడా ఉంది, చివర ప్రత్యయం ఒక్కటే వేరు.

— ఇంకొకరు: 'అయితే ఐ హ్యావ్ ఆల్రెడీ సెంట్ ఇట్ యెస్టర్‌డే అంటే సరిపోయేదిగా?'

అదే మన రెండో గొయ్యి. 'హ్యావ్' ఉన్నచోట 'యెస్టర్‌డే' లాంటి ముగిసిపోయిన కాలం ఇమడదు. మనకి 'నిన్న పంపేశాను' హాయిగా కుదురుతుంది కాబట్టి అక్కడా కుదురుతుందనుకుంటాం. 'నిన్న' కావాలంటే 'హ్యావ్' వదులుకోవాలి, 'హ్యావ్' కావాలంటే 'నిన్న' వదులుకోవాలి.

— తెలుగు గ్రూపులో ఇంగ్లీషు వ్యాకరణం ఏమిటని విసుక్కున్న పెద్దాయనకి: అయ్యా, నేను మొదలుపెట్టింది 'నిన్ననే' అన్న తెలుగు మాటతోనే. ఆ రెండు అర్థాలూ నాకు పట్టించింది మాత్రం ఆ ఇంగ్లీషువాడే.

చివరికి ఏం రాశానని చాలామంది అడిగారు. 'ఐ డిడ్ సెండ్ ఇట్ ఆన్ మండే' అని రాశాను. ఆ 'డిడ్' ఉందే, అది మన 'పంపాను సార్, పంపాను' అన్నంత గట్టిది. మర్యాదకి ఒక ప్లీజ్ పెట్టి, స్పామ్ ఫోల్డర్ ఒకసారి చూడమన్నాను.

అక్కడే ఉందట.