సమస్యాపూరణం: "శవము మాటలాడ జనము మురిసె"

నిర్వాహకుడు
ఈ వారం పాదం ఇదిగో. దీన్ని నాలుగో పాదంగా పెట్టి, పై మూడూ మీరు కట్టి ఆటవెలది పద్యం పూర్తిచెయ్యాలి:

శవము మాటలాడ జనము మురిసె

చందమామ శంకర్ గారి విక్రమార్కుడి బొమ్మ చూస్తుంటే నోట్లోకి వచ్చిన పాదం. ఆయన అసలు పేరు కె.సి. శివశంకరన్. 1924లో పుట్టారు, 1952లో చందమామలో చేరి పత్రిక నడిచినంత కాలం గీశారు, 2020 సెప్టెంబరులో వెళ్ళిపోయారు. మరుసటి ఏడు పద్మశ్రీ ఇచ్చారు. పూరణలో బొమ్మ కనపడాలి. ఊరికే బేతాళ కథ చెప్పేసి చేతులు దులుపుకుంటే లెక్కలోకి తీసుకోను.

వశిష్ఠ గట్టు
కత్తిఁ బట్టి రాజు కాటిలో నడువంగ
శంకరుండు గీయఁ జందమామ
పుటలలోన వాని భుజముపై నూరేగు
శవము మాటలాడ జనము మురిసె

ముక్తేశ్వరం మేస్టారు
మొదటి పాదంలో కాడు, రెండో పాదం ఎత్తుకోగానే శంకరుడు. కాటిలో ఉండాల్సిన దేవుడే వచ్చి బొమ్మ గీసినట్టయింది. శ్లేష ఇలా అడక్కుండా రావాలి. భేష్.

"నూరేగు" మాత్రం ఒప్పుకోను. రాజు నోరు విప్పకుండా మోసుకెళ్తున్నాడు, మేళతాళాలు ఎక్కడివి? "భుజముపై వ్రేలాడు" అంటే గణం (అక్షరాల తూకం) చెడదు, బొమ్మా నిలుస్తుంది. బరువు మోసే మనిషిని గీసేటప్పుడు మొదట చూడాల్సింది ఆ వేలాడడమే. మోస్తున్న భుజం కాస్త దిగాలి, నడుము రెండో పక్కకి జరగాలి, శవం చేతులూ జుట్టూ నిట్టనిలువుగా కిందికి జారాలి. జుట్టు గాలికి ఎగిరిందో, శవం దూదిమూటలా తేలిపోతుంది. శంకర్ గారి రాజు భుజం మీద బరువుంది. అడుగు చూస్తేనే తెలుస్తుంది.

లాకుల వీధి
మేస్టారూ, అసలు శవం మాట్లాడదండీ. శవంలో ఉన్న బేతాళుడు మాట్లాడతాడు. పాదంలోనే తిరకాసుంది.

నిర్వాహకుడు
ఆయ్, ఆ తిరకాసు కోసమే ఇచ్చాను.

కౌశిక తీరం
తెల్లకాగితమున దీర్ఘరేఖలు గీసి
నల్ల నిశిని నింపి నాల్గు దిశల
వెన్ను నంటి జాఱు వేతాళ కేశాల
శవము మాటలాడ జనము మురిసె

వశిష్ఠ గట్టు
గీసిందెవరు? నింపిందెవరు? కర్త లేడు. అన్వయం చేస్తే శవమే కలం పట్టుకుని గీసుకుని, నలుపు పూసుకుని, ఆపైన మాట్లాడినట్టుంది. రెండో పాదం "శంకరుండు నిశినిఁ జల్లినంత" అని మార్చండి. కర్త వస్తాడు, యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పొత్తు) కుదురుతుంది.

కౌశిక తీరం
కర్త సరే, తీసుకుంటాను. "చల్లడం" మాత్రం తీసుకోను. నలుపు చల్లితే వచ్చేది చుక్కలు. బ్రష్షు కుచ్చు మీద వేలితో మీటితే తెల్లరంగు చిందులు పడి నక్షత్రాలవుతాయి, అది వేరే పని. ఇక్కడ రాత్రంతా నింపుడే. ముందు పెన్సిలు, దానిమీద కలంతో శవం అంచు, ఆ అంచు దాకా బ్రష్షుతో నలుపు తేవాలి. శవం తెలుపు అంటే కాగితం తెలుపే, పైన పూసింది కాదు. ముందే నలుపు నింపేసి తర్వాత తెల్లరంగుతో శవాన్ని పైకి తేవాలని చూస్తే అంచు మసకబారుతుంది, కలం ఆ పూత మీద సాగదు, పూతా పెచ్చులూడుతుంది. నా సవరణ:

తెల్లకాగితమున దీర్ఘరేఖలు గీసి
శంకరుండు నలుపు చల్లఁగాను

లాకుల వీధి
చల్లనంటూనే చల్లారుగా!

కౌశిక తీరం
"చల్లఁగాను" అంటే నెమ్మదిగా, నింపాదిగా అని. చదువుకుని మాట్లాడండి.

ముక్తేశ్వరం మేస్టారు
క్రియ పోయింది కదండీ అప్పుడు. నలుపు చల్లగా ఏం చేశాడు? తేల్చి చెప్పాల్సొస్తే వశిష్ఠ గట్టు గారి పాదమే నయం.

"జాఱు కేశాల" దగ్గర మాత్రం మీకు దండం పెట్టాలి. జుట్టు గీసే పద్ధతి మూడో పాదంలో దాగుంది. కుదురు దగ్గర నిబ్బు నొక్కిపెట్టి, కొసకొచ్చేసరికి ఒత్తిడి వదిలెయ్యాలి. అప్పుడే వెంట్రుక సన్నగిల్లి ఆగుతుంది. పక్కపక్కనే గీసుకుంటూ పోయినా కష్టమే. అచ్చుకన్నా పెద్దగా గీసి తగ్గించేటప్పుడు గీతతో పాటు సందూ తగ్గుతుంది. అసలు బొమ్మలో అర మిల్లీమీటరు సందు వదిలి సగానికి తగ్గిస్తే మిగిలేది పావు మిల్లీమీటరు. జింకు బ్లాకు (అప్పట్లో బొమ్మలు అచ్చేసిన లోహపు దిమ్మ) మీద సిరా అక్కడ పూడుకుపోయి జుట్టు నల్లముద్దవుతుంది. అందుకని కుచ్చులు కుచ్చులుగా గీసి, కుచ్చుకీ కుచ్చుకీ మధ్య తెలుపు వదలాలి.

లాకుల వీధి
చెట్టుకొమ్మమీఁదఁ జామురాతిరి వ్రేలు
పీనుఁగైన, గీఁత పేర్మిచేతఁ
బిల్లవాండ్ర భయముఁ బెల్లగించినయట్టి
శవము మాటలాడ జనము మురిసె

కౌశిక తీరం
"చె"కి "జా" ఎలా కుదిరిందండీ? హల్లు సరే, అచ్చు మాటేమిటి? ఎకారానికి ఆకారంతో పొత్తు లేదు. పైగా "వ్రేలు" ముందు "రి" గురువై (బరువక్షరమై) గణం కూడా విరిగింది.

వశిష్ఠ గట్టు
యతి సంగతి నిజం. గణం విరగలేదు. తెలుగు మాట మొదట్లో ఉన్న రేఫ సంయుక్తానికి ("వ్రే" లాంటి జంటాక్షరానికి) ముందు మాట చివరి అక్షరం తేలిగ్గానే పలుకుతాం, అక్కడ గురువు తెచ్చిపెట్టనక్కర్లేదు. "జీఁకటిన్ వ్రేలాడు" అనండి, రెండు గొడవలూ తీరతాయి.

మూడో పాదం ఈ వారానికి నాకు బాగా నచ్చింది. పీనుగు, శ్మశానం, నడిరాత్రి, అన్నీ భయపెట్టేవే. అయినా పిల్లలు ఆ పుట ముందు తెరిచేవారు. గీత ఎక్కడా వణకదు, రాజు ముఖం ఎక్కడా బెదరదు. రాజు బెదరకపోతే చూసేవాడూ బెదరడు.

కౌశిక తీరం
పోయినసారి "గీత దాటి సీత కీర్తి నొందె" ఇచ్చినప్పుడు బాపు గారి మీద లాకుల వీధి గారు పూరించారు. "కన్ను గీసి ముక్కుఁ గాస్త వంచి" అన్నారు. ఆటవెలదిలో "కాస్త" ఏమిటని అడిగితే నరసాపురంలో పుట్టినాయన బొమ్మకి నరసాపురం మాటే వాడతానన్నారు. యతికి కూడా ఊరి పేరు చెప్తారా?

లాకుల వీధి
"కాస్త" ఇప్పటికీ తియ్యను. బాపు గారి సీత ముక్కు అంతే వంగుతుంది. "మిక్కిలి" అంటే చిలక ముక్కవుతుంది. యతికి మాత్రం వశిష్ఠ గట్టు గారి "జీఁకటిన్" పెట్టుకుంటున్నాను. మీకోసం కాదు, బొమ్మ కోసం.

పాలకొల్లు పద్యప్రియ
అక్షరములు రాని యా చిన్ని వయసులో
బొమ్మఁ జూచి కథను పోల్చి చెప్పు
లంకపల్లెలందు లాంతరు చెంత శై
శవము మాటలాడ జనము మురిసె

ముక్తేశ్వరం మేస్టారు
అమ్మా! శవాన్ని లేపి కూర్చోబెట్టావు. "శై" ఒక్కటి పై పాదం చివర పెట్టేసరికి పీనుగు పసితనమైపోయింది. నాలుగో పాదం యతికి చీమంత నొప్పి లేదు.

కౌశిక తీరం
విరుపు బాగుంది. శంకర్ గారి పేరేది? లాంతరొకటి, లంకలొకటి, బేతాళుడు కూడా లేడు.

పాలకొల్లు పద్యప్రియ
రెండో పాదమంతా ఆయనేనండీ. చదువు రాని పిల్ల బొమ్మను బట్టి కథ చెప్పాలంటే గీసేవారు కొన్ని పాటించాలి. ఒక మనిషికి మొదటి బొమ్మలో వేసిన తలపాగా, నగ, మీసం చివరిదాకా మారకూడదు. మారితే పిల్ల "వీడెవడో ఇంకొకడు" అనుకుంటుంది. మలుపు జరిగిపోయాక కాకుండా జరగబోయే క్షణం పట్టుకోవాలి, అప్పుడే "తర్వాత ఏమయింది" అని అడుగుతుంది. మాట్లాడేవాడి చేతివేళ్ళు మాట్లాడాలి. ఆయన బొమ్మల్లో చేతులు చూడండి. ముఖం కప్పేసినా ఎవరు అడుగుతున్నారో, ఎవరు బదులిస్తున్నారో తెలుస్తుంది.

లాకుల వీధి
అలాగైతే చందమామలో మరో చిత్రకారుడు చిత్రా గారిని కూడా కలపండి. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ "తోకచుక్క"కి గీసింది ఆయనే. రాక్షసులు, మాంత్రికులు అంటే నాకు చిత్రా గారే. బరువు, నడక, చేతులు అంటే శంకర్ గారు.

కౌశిక తీరం
ఈ ఒక్క మాటలో మీతో గొడవ లేదు.

నిర్వాహకుడు
మొదటి తాంబూలం పద్యప్రియ గారిది. రెండోది లాకుల వీధి గారికి, "జీఁకటిన్" సవరణతో. కౌశిక తీరం గారు క్రియ సంగతి తేల్చి మళ్ళీ పెట్టాలి.

వచ్చే వారం పాదం:

తోక లేని కోఁతి దూఁకె లంక

బొమ్మ గీసేవాడు ఎక్కడో ఒకచోట కనపడాలి.

వశిష్ఠ గట్టు
లంక అంటే సముద్రం అవతలిదా, గోదారి మధ్యదా?