అప్‌డేట్: మఫ్లర్ ఇక కదలడం లేదు

రెండు మూడు ఫ్లైట్లకే నా నైట్రో హెలికాప్టర్ (నైట్రో ఇంధనంతో నడిచే రిమోట్ కంట్రోల్ మోడల్) మఫ్లర్, అంటే ఇంజిన్ పొగగొట్టం సైలెన్సర్, బోల్టులు వదులైపోతున్నాయి, జాయింట్ దగ్గర నూనె కారుతోంది అని అడిగాను కదా. సమస్య తీరింది, అందరికీ చాలా థాంక్స్.

విప్పి చూస్తే గాస్కెట్ (ఇంజిన్‌కూ మఫ్లర్‌కూ మధ్య లీకు ఆపే పలుచటి పొర) ఒక మూల కాలి నల్లబడింది. ఇంజిన్, మఫ్లర్ కలిసే రెండు ముఖాలూ ఆల్కహాల్‌తో జిడ్డు పూర్తిగా పోయేదాకా తుడిచాను. అసలు కిటుకు ఇదే, నూనె పొర మిగిలితే సీలెంట్ పట్టదు. వేడిని తట్టుకునే సిలికాన్ పల్చగా రాసి, బోల్టులు మార్చి మార్చి బిగించి, రోజంతా ఆరనిచ్చాను. ఇంజిన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగిస్తే ఒక్కోటి పావు చుట్టు తిరిగింది!

ఇంకోటి, మఫ్లర్ వెనక భాగం ఫ్రేమ్‌కు తగులుతోంది. ఆ వణుకుకే బోల్టులు వదులయ్యాయని నా నమ్మకం. ఫ్రేమ్ అంచు కాస్త అరగదీశాను. లీకు పోయి మఫ్లర్ నుంచి ఇంధన ట్యాంకుకు ప్రెషర్ బాగా అందడంతో, ఇంజిన్‌కు వెళ్లే ఇంధనాన్ని తగ్గించడానికి కార్బురేటర్ నీడిల్ కొంచెం మూయాల్సి వచ్చింది.