‘అభినివేశం’ అంటే చావుభయమా? తెలుగులో ఏమనాలి?

కొత్తపేట:
పెద్దలకు నమస్కారమండి. పతంజలి యోగసూత్రాల్ని తేలిక తెలుగులోకి రాస్తూ రెండో పాదం తొమ్మిదో సూత్రం దగ్గర ఆగిపోయాం.

స్వరసవాహీ విదుషోఽపి తథారూఢోఽభినివేశః

అదే పాదం మూడో సూత్రంలో అవిద్య, అస్మిత, రాగం, ద్వేషం, అభినివేశం అని ఐదు క్లేశాలు (మనిషిని బాధపెట్టేవి) చెప్పాడు. అందులో ఇది చివరిది. యోగసూత్రాల మీద పాత వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం దీన్ని చావంటే భయం అనే వివరిస్తుంది. చిక్కేమిటంటే, తెలుగులో అభినివేశం మంచి మాట. ‘సాహిత్యాభినివేశం మెండుగా గలవారు’ అని సన్మానపత్రాల్లో రాస్తాం. ఆ మాటే ఇక్కడ ఉంచేస్తే, పండితుడికి కూడా ఏదో ఆసక్తి ఉంటుందని చదువుకుంటారు. పోనీ ‘మరణభయం’ అని వేద్దామంటే, సూత్రంలో భయమన్న మాటే లేదు. ఒక్క తెలుగు మాట కావాలండి. ఇంట్లో వాడేదైతే మరీ మంచిది.

రామచంద్రపురం:
ముందు మాట విప్పి చూద్దాం. ధాతువు ‘విశ్’, లోపలికి వెళ్ళడం. ‘ప్ర’ చేరితే ప్రవేశం. ‘ని’ చేరితే నివేశం, అంటే వెళ్ళి అక్కడ కుదురుకోవడం. ఇళ్ళ దస్తావేజుల్లో ‘నివేశన స్థలం’ అని రాసేది ఈ మాటే. ‘అభి’ కూడా చేరితే, ఒకదాని వైపే ముఖం పెట్టి కుదురుకోవడం. ఆ కుదురు పుస్తకాల మీదైతే సాహిత్యాభినివేశం, బతుకు మీదైతే యోగశాస్త్రం చెప్పే అభినివేశం. రెండు చోట్లా ఉన్నది ఒకే పట్టు. కుమారసంభవం ఐదో సర్గలో పార్వతి తపస్సుకు వెళ్తానంటే తండ్రి ఆమె పట్టుదలకు సంతోషించి ఒప్పుకున్నాడు. ఆ చోట కాళిదాసు వాడింది ‘అనురూపాభినివేశతోషిణా’ అని.

యక్షప్రశ్నల్లో ఆశ్చర్యమేమిటని అడిగితే ధర్మరాజు చెప్పిన జవాబు కూడా ఈ పక్కన పెట్టుకోండి. రోజూ ప్రాణులు యముడింటికి పోతూనే ఉన్నాయి, ‘శేషాః స్థావరమిచ్ఛంతి’, మిగిలినవాళ్ళు స్థావరం కావాలనుకుంటారు. ఆస్తుల లెక్కలో స్థావరాలు, జంగమాలు అంటామే, ఆ స్థావరమే ఇది. నివేశం, స్థావరం, రెండూ ఇల్లూ స్థలం మాటలే. తథారూఢః లోని ‘రూఢ’ కూడా మొలిచి నాటుకున్నది; రూఢి అన్న మాటకూ ధాతువు అదే. కాబట్టి తెలుగు మాట వెతికేటప్పుడు భయం వైపు కాకుండా పట్టు, పాతుకోవడం వైపు వెతకండి.

చదివేటప్పుడు ఒక జాగ్రత్త. అది స్వ + రస + వాహీ. ఊపిరి కోసం ‘స్వర’ దగ్గర ఆపితే ‘స్వర సవాహీ’ అయిపోయి, స్వరానికీ శ్వాసకీ ముడిపెట్టి లేని అర్థం పుట్టుకొస్తుంది. ‘విదుషోఽపి’ని విదుషః + అపి అని విడదీయాలి: విద్వాంసుడికి సైతం.

కొత్తపేట:
నివేశన స్థలం సంగతి ఎన్నడూ తట్టలేదండి. అయితే ‘స్వరసవాహీ’ని ఎలా రాయాలి? వాహీ అంటే పారేది కదా, కాలవలా పారేది అనొచ్చా?

పాలకొల్లు:
కాలవ కుదరదండి. కాలవ నీళ్ళు ధవళేశ్వరం దగ్గర వదిలితేనే వస్తాయి. వేసవిలో కాలవలు కట్టేస్తే అడుగు బయటపడుతుంది. పతంజలి చెప్పేది బయట ఎవరో వదిలే నీళ్ళు కావు.

ఆయుర్వేదంలో స్వరసం పారిభాషిక పదం. స్వరసం, కల్కం (నూరిన ముద్ద), క్వాథం, హిమం, ఫాంటం అనే ఐదు కల్పనల్లో, అంటే మందు తయారుచేసే పద్ధతుల్లో, ఇది మొదటిది. తులసాకు తీసుకోండి. పచ్చి ఆకు కడిగి, తడి దులిపి, రోట్లో దంచి, పలచటి గుడ్డలో వేసి పిండాలి. చుక్క నీరు కలపకూడదు, కలిపితే దానికి ఆ పేరు చెల్లదు. ఆకు ఎండిపోయి ఉంటే రసం రాదు, అప్పుడు కషాయం కాచుకోవాల్సిందే. క్వాథమంటే నీళ్ళు పోసి మరిగించేది, హిమమంటే చన్నీళ్ళలో రాత్రంతా నానబెట్టేది, ఫాంటమంటే వేణ్ణీళ్ళలో వేసి వడగట్టేది. ఆ మూడింటికీ బయటి నీళ్ళు కావాలి. స్వరసంలో ఉండేది ఆకుది మాత్రమే.

కనుక స్వరసవాహీ అంటే, ఎవరూ నేర్పకుండా, బయటినుంచి ఎవరూ పోయకుండా, ప్రాణి తనలోంచే స్రవించుకునేది. తెలుగులో దానికి ‘ఊరడం’ అన్న మాట ఉంది. నూతిలో ఊట, నోట్లో ఊరే నీళ్ళు. ‘తనంతట తానే ఊరేది’ అని రాయండి.

అంబాజీపేట:
ఊరేది అన్నాక ఇంకో మాట వెతకనక్కర్లేదనిపిస్తోందండి. ‘ప్రాణం మీద తీపి’. రసం, తీపి పక్కపక్కనే కూర్చుంటాయి. పైగా చావు అన్న మాట ఎత్తకుండా చావుభయాన్ని చెప్పే పలుకుబడి అది. పతంజలి కూడా ఎత్తలేదు.

ముమ్మిడివరం:
వినడానికి బాగుంది గానీ శాస్త్రానికి నిలవదేమో. తీపి అంటే రాగం అయిపోదా? ఏడో సూత్రంలో ‘సుఖానుశయీ రాగః’ అన్నాడు, సుఖం వెంట అంటుకుని వచ్చేది రాగం. ఎనిమిదిలో ‘దుఃఖానుశయీ ద్వేషః’ అన్నాడు. ఆ రెంటినీ విడిగా చెప్పేశాకే తొమ్మిదిలో అభినివేశం. తీపి అని రాస్తే ఏడో సూత్రం తొమ్మిదిలోకి వచ్చి కూర్చుంటుంది. ఐదు క్లేశాలూ నాలుగైపోతాయి.

అంబాజీపేట:
అడగాల్సిన మాటే అడిగారు మాస్టారూ. అయితే పలుకుబడిని వాడుకలో చూడాలి, విడి మాటలో కాదు. పూతరేకు మీద తీపి అని ఎవరూ అనరు, ఇష్టం అంటారు. ఏటిగట్టు తెగి, చెట్టుకొమ్మ పట్టుకుని రాత్రంతా నీళ్ళలో వేలాడినవాణ్ణి గురించి ‘ప్రాణం మీద తీపి అలాంటిది’ అంటారు. ఆ రాత్రి వాడికి ఏ సుఖమూ లేదు. మంచాన పడి, నొప్పితో మూలుగుతూ, ‘దేవుడు తీసుకుపోతే బాగుణ్ణు’ అంటూనే మందు వేళ తప్పితే అడిగే ముసలాయన గురించీ ఇదే అంటారు. సుఖం జ్ఞాపకం మీద ఆధారపడేది రాగం. సుఖం అంతా పోయాక కూడా మిగిలి ఉండే తీపి ఇది. మన పలుకుబడి వాడుకలో వచ్చే చోట్లన్నీ చూడండి, బాధలో ఉన్నవాడి గురించే ఎక్కువగా వస్తుంది.

ముమ్మిడివరం:
ఆ ఉదాహరణలతో ఒప్పుకుంటున్నాను. కానీ పుస్తకంలో ఒట్టి ‘తీపి’ అని కుదించకండి, ‘ప్రాణం మీద’ తప్పనిసరిగా ఉండాలి.

రామచంద్రపురం:
దీనికి భాష్యంలోనే బలం ఉంది. వ్యాసభాష్యం ఈ సూత్రం కింద ప్రతి ప్రాణిలోనూ నిత్యం ఉండే కోరిక అని చెప్పి దాని మాటల్నే ఇస్తుంది: ‘మా న భూవం భూయాసమ్’. అప్పుడే పుట్టిన పురుగుకి కూడా ఇది ఉంటుందంటుంది. పురుగు చావును చూడలేదు, వినలేదు, ఊహించలేదు. అయినా ఉంది కనుక వెనకటి జన్మలో అనుభవించిన మరణదుఃఖమే కారణమని అక్కణ్ణుంచి తర్కం నడుస్తుంది. పూర్వజన్మను ఒప్పుకోనివారికి కూడా మొదటి సగం ఉపయోగపడుతుంది: ఈ పట్టు తెలివికి ముందుది.

ఆ నాలుగు మాటల వ్యాకరణం చూడండి. వద్దు అనే ‘మా’తో లుఙ్ అనే భూతకాల రూపం వస్తుంది (మాఙి లుఙ్), దాని ముందుండాల్సిన ‘అ’, అంటే అడాగమం, పోతుంది (న మాఙ్యోగే). అందుకే అభూవం కాకుండా భూవం. మధ్యలో ‘న’ వేరే ఉంది. ‘మా న భూవం’: నేను లేకపోవడం అన్నది జరగకూడదు. రెండు నిషేధాలు. భూయాసం ఆశీర్లిఙ్ (దీవెన చెప్పే క్రియారూపం), ఉత్తమపురుష: నేను ఉందును గాక. సాధారణంగా ఆశీస్సు ఎదుటివాడికి ఇస్తాం. ఇక్కడ ప్రాణి తనకు తానే దీవెన పెట్టుకుంటోంది. నాకు ఈ భాష్యం మొత్తంలో గుండెను పట్టేది ఆ ఒక్క క్రియారూపమే.

మృత్యుంజయ మంత్రంలో ‘ముక్షీయ’ కూడా అదే ఆశీర్లిఙ్, అదే ఉత్తమపురుష. అక్కడా చదువులో ఒక పొరపాటు ఉంది. ‘మాఽమృతాత్’ని మా + అమృతాత్ అని విడదీయాలి: మృత్యువు నుంచి విడివడుదును గాక, అమృతం నుంచి వద్దు. అవగ్రహ (ఽ గుర్తు) వదిలేసి ‘మామృతాత్’ అని అచ్చు వేస్తే, మాం + అమృతాత్ అనుకుని ‘నన్ను అమృతం నుంచి విడిపించు’ అని సరిగ్గా తిరగబడిన అర్థం చెప్పుకునే ప్రమాదం ఉంది.

రాజోలు:
మనకి నోటికొచ్చిన పద్యం ఒకటి ఇక్కడ మానకుండా చెప్పుకోవాలండి. పోతన గజేంద్రమోక్షం:

లా వొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్

శార్దూలం. చావు కళ్ళెదుట ఉన్నవాడి పద్యం, కానీ ‘భయం’ అన్న మాట లేదు, ‘చావు’ అన్న మాటా లేదు. ఉన్నదల్లా ‘ఠావుల్ దప్పెను’. ప్రాణాలు తమ చోట్లు తప్పాయి. పైన రామచంద్రపురం మాస్టారు నివేశం అంటే కుదురుకోవడం అన్నారు. ఏనుగుకి ఊడిపోతున్నది ఆ కుదురే.

స్థానముల్ అనకుండా ఠావుల్ ఎందుకన్నాడో కూడా చూడండి. లావొ, ఠావు, తర్వాతి పాదాల్లో నీవే, రావే: ప్రాస వకారం. యతి పదమూడో అక్షరం, ‘డస్సెన్’లోని డ. ఠకారానికి డకారంతో యతి చెల్లుతుంది. ప్రాసకీ యతికీ రెంటికీ సరిపోయి, అర్థంలో ఒక్క వెంట్రుకవాసి కూడా పక్కకి జరగని మాట దొరకడం మామూలు విషయం కాదు.

‘ప్రాణంబులున్’ అని బహువచనం ఎందుకంటే ప్రాణాలు ఐదు. ప్రాణం గుండెలో, అపానం గుదంలో, సమానం నాభిలో, ఉదానం గొంతులో, వ్యానం ఒళ్ళంతా. దేని ఠావు దానిది. ఇవాళ్టికీ మనం ‘ప్రాణాలు పోయాయి’ అని బహువచనంలోనే అంటాం. గండం తప్పితే ‘ప్రాణం కుదుటపడింది’ అంటాం. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టని కుదురు అంటామే, ఆ కుదురే. ఠావు తప్పడానికి ఎదురుమాట.

నరసాపురం:
భయం పేరెత్తకపోవడం మన ఇళ్ళలో ఎంత లోతుకి వెళ్ళిందో చెప్పాలండి. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటారు. దీపం ఆరితే ‘కొండెక్కింది’. తాళి తెగితే ‘పెరిగింది’. గుమ్మం దాటేవాడు ‘వెళ్తాను’ అనకూడదు, ‘వెళ్ళొస్తాను’ అనాలి. ఖాళీ అవడం, ఆరడం, తెగడం, పోవడం, నాలుగూ చావుని గుర్తుచేసే క్రియలు. నాలుగింటినీ నిండడం, ఎక్కడం, పెరగడం, రావడంగా మార్చేశారు.

వీటిలో ‘నిండు’ దగ్గర కాసేపు ఆగాలి. ‘నిండు నూరేళ్ళు’ అంటే దీవెన. ‘నూరేళ్ళూ నిండాయి’ అంటే చావు. మాటలు రెండే. నిండు ముందుంటే ఆయుష్షు, క్రియగా వెనక్కి వెళ్తే ఆయుష్షు తీరడం. ‘నెలలు నిండాయి’ అంటే మళ్ళీ పుట్టుక. కొత్తవాళ్ళు, ముఖ్యంగా తెలుగు చదువు తగ్గిన పిల్లలు, శుభలేఖల మీద ‘నూరేళ్ళూ నిండాలి’ అని రాస్తే పెద్దవాళ్ళు ఉలిక్కిపడేది ఈ ఒక్క మార్పుకే.

క్రైస్తవ కుటుంబాల కార్డుల మీద ‘ప్రభువునందు నిద్రించారు’ అని ఉంటుంది. ఇది తెలుగు మొహమాటం కాదు. కొత్త నిబంధనలో పౌలు చనిపోయినవారిని నిద్రించుచున్నవారు అనే అంటాడు. సిమెట్రీ అన్న మాటకి మూలమైన గ్రీకు పదానికి అర్థం కూడా పడకచోటే. మేలుకోవడం మీద నమ్మకం ఉన్నవాడి మాట అది, మూసిపెట్టడానికి వాడేది కాదు.

తణుకు:
‘విదుషోఽపి’ గురించి ఒక్క మాట. చావుకి భయపడనక్కర్లేదని తర్కంతో చెప్పినవారిలో గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరస్‌ది చాలా పదునైన వాదం: మనం ఉండగా మరణం లేదు, మరణం వచ్చేసరికి మనం లేము. ఖండించడం కష్టం. విని ధైర్యం తెచ్చుకోవడం ఇంకా కష్టం. ఎందుకో టాల్‌స్టాయ్ 1886లో అచ్చయిన ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’లో చూపించాడు. ఇవాన్ చిన్నప్పుడు తర్కపాఠంలో చదివాడు: కాయస్ మనిషి, మనుషులు మరణిస్తారు, కనుక కాయస్ మరణిస్తాడు. కాయస్ విషయంలో అది నిజమని జీవితమంతా ఒప్పుకున్నాడు. కానీ తను కాయస్ కాదే! తను చిన్నప్పటి తోలుబంతి వాసన తెలిసినవాడు, అమ్మ చేతిని ముద్దు పెట్టుకున్నవాడు. పాఠం బుద్ధిలోకి వెళ్ళింది, ఊట మాత్రం ఇంకోచోట ఉంది. స్వరసవాహీ అని ముందే చెప్పి తర్వాత విదుషోఽపి అనడం అందుకే అనిపిస్తుంది.

పాలకొల్లు:
అందుకే పతంజలి మందుగా కూడా వాదం ఇవ్వలేదు. పదో సూత్రం: ‘తే ప్రతిప్రసవహేయాః సూక్ష్మాః’. పదకొండు: ‘ధ్యానహేయాస్తద్వృత్తయః’. పైకి తేలిన వృత్తులు, అంటే మనసు కదలికలు, ధ్యానంతో పోతాయి. సూక్ష్మంగా అడుగున ఉన్నవి ప్రతిప్రసవంతోనే పోతాయి. ప్రసవం మనకి తెలిసిన మాటే. దానికి ఎదురు నడక, పుట్టినచోటికి తిరిగి వెళ్ళడం. ఇక్కడ ‘నాశనం’ అని రాస్తే తప్పు. ఊరిన నీళ్ళు ఎలా పోతాయి? ఇంకుతాయి. ‘ఇంకడం’ వాడండి.

కొత్తపేట:
అందరికీ నమస్కారాలండి. ఇలా రాశాను, చూడండి.

తొమ్మిది: ‘తనంతట తానే ఊరుతూ, చదువుకున్నవాడిలో కూడా అలాగే పాతుకుని ఉండే ప్రాణం మీద తీపి అభినివేశం.’
పది: ‘సూక్ష్మంగా ఉన్న ఈ క్లేశాలు పుట్టినచోటికే ఇంకిపోవాలి.’

రామచంద్రపురం:
‘చదువుకున్నవాడిలో’ తీసేసి ‘తెలిసినవాడిలో’ అనండి. విద్ అంటే తెలుసుకోవడం. చదువు లేకుండా తెలిసినవాళ్ళు కూడా అందులోకి రావాలి. మిగతాదంతా అలాగే ఉంచండి.